మొదటి వెలుగు

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రసూనకి ఒక పేరుంది: ఆధారం ఆంటీ. ఉల్లిపాయ అరికాలికి రుద్దితే జ్వరం దిగుతుందని ఒకరు, ఫలానా ఆకు నమిలితే షుగరు పారిపోతుందని మరొకరు, ఎవరేం పెట్టినా రెండు నిమిషాల్లో ఆవిడ దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న వచ్చేది. "ఆధారం ఏదండీ?" అంతే, ఇక గ్రూపు గప్‌చుప్. మూడో అంతస్తు రిటైర్డ్ తాసిల్దారుగారైతే శుభోదయం బొమ్మ పెట్టడానికి కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాడు.

అలాంటి ప్రసూన ఒక మంగళవారం మధ్యాహ్నం, కన్నకూతురి పెదాల దగ్గర తన చేత్తోనే నల్లటి కషాయం గ్లాసు పెట్టింది. ఎందుకు పెట్టిందీ అంటే, ముందు ఆవిడ పనిచేసే చోటు సంగతి తెలియాలి.

కాకినాడ పోర్టు రోడ్డులో, ఐసు ఫ్యాక్టరీ వెనకాల, పదకొండు మంది పనిచేసే చిన్న ప్రయోగశాల అది. దాని పెద్ద డాక్టర్ పేరిందేవిగారు. మనిషి జబ్బ లోపలివైపు నుంచి ఆవగింజంత చర్మం గిల్లి తీసుకుని, మూడు వారాలు సాకి, గాజు పళ్ళెంలో శనగబద్దంత కాలేయాన్ని మొలిపిస్తారు. దాన్ని అక్కడివాళ్ళు "నీడ" అంటారు. ఎవరి చర్మంతో పెంచితే వాళ్ళ కాలేయానికి నీడ. వాళ్ళ జబ్బు దానికీ ఉంటుంది. పేరిందేవిగారు కనిపెట్టిన అసలు కిటుకు మాత్రం వేరే ఉంది. ఆ కణాల లోపలి గడియారాన్ని ఆవిడ తొందరపెట్టగలిగారు. పళ్ళెంలో ఒక గంట గడిస్తే మనిషి ఒంట్లో ఒక రోజు గడిచినట్టు. మనిషికి ఇచ్చే మందు ముందు నీడకి ఇస్తే, రెండు నెలల తర్వాత ఏమవుతుందో రెండున్నర రోజుల్లో తెలిసిపోతుంది. కణాలు ఎంత గట్టిగా పనిచేస్తే పళ్ళెం అంత పచ్చగా వెలుగుతుంది.

తలుపు మీద రెండు నియమాలు అంటించి ఉంటాయి. తనవాళ్ళ పళ్ళెం తాను ముట్టుకోకూడదు. మొదటి వెలుగు గురించి నోరెత్తకూడదు.

రెండోది కొత్తగా చేరినవాళ్ళకి వింతగా ఉంటుంది. వెలుగు చెప్పేది కాలేయం కష్టపడుతోందని మాత్రమే. దేనికోసం కష్టపడుతోందో చెప్పదు. అది తేల్చే రెండో పరీక్షకి రెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా పళ్ళెం ఎంత వెలిగినా ఎవరూ ఎవరితోనూ అనకూడదు, ఆఖరికి టీ తాగే చోట కూడా. ఎనిమిదేళ్ళుగా ప్రసూన ఆ నియమాన్ని మడి కట్టుకున్నంత నిష్ఠగా పాటించింది.

ఆవిడ కూతురు హంసికీ ఎనిమిదేళ్ళే. కాలేయంలోంచి పసరు పారే గొట్టాలు మూసుకుపోయి పుట్టింది. రెండో నెలలో ఒక ఆపరేషన్ చేసి ఇన్నాళ్ళు నెట్టుకొచ్చారు. ఇప్పుడు కాలేయం గట్టిపడిపోయింది. తండ్రి నూకరాజు కాలేయంలోంచి ఒక ముక్క కోసి పిల్లకి పెట్టాలి. విశాఖలో పెద్దాసుపత్రివాళ్ళు శనివారానికి తేదీ ఇచ్చారు. శుక్రవారం పొద్దున్నే చేరాలి. ఆ తేదీ పోతే వరసలో వెనక ఇంకో ఇరవై మంది పిల్లలున్నారు.

నూకరాజుది భానుగుడి దగ్గర మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన మోటారుని విప్పి, రాగి తీగ మళ్ళీ చుట్టి, బతికించి పంపుతాడు. కరెంటుకి భయపడడు, ఎత్తుకి భయపడడు. కోత అంటే మాత్రం వణుకు.

"నన్ను కోత్తే కొయ్యనీవే. నాకేం బాధ లేదు" అన్నాడు, ఆ ముందు శనివారం భోజనాల దగ్గర. "దాన్ని కోత్తారు సూడు, అది తల్చుకుంటే ముద్ద దిగట్లేదు నాకు. ఓసారి ఈ వీడియో సూడు. ఒక్కసారి."

ఫోన్‌లో కాషాయం చొక్కా తొడుక్కున్న ఒక పెద్దమనిషి కొండరాయి మీద కూర్చుని మాట్లాడుతున్నాడు. డాక్టర్లు మీకు చెప్పని రహస్యమట. కొండమ్మ కషాయమట. ఎలాంటి లివర్ జబ్బయినా నలభై రోజుల్లో పటాపంచలట. ఏ తీగతో చేస్తారో చెప్పడు, పేరు పైకి చెబితే దాని గుణం పోతుందట. వెనకాల ఒక తల్లి బిడ్డని ఎత్తుకుని కళ్ళు తుడుచుకుంటోంది.

"నలభై లక్షల మంది సూసేరంటమ్మాయ్" అంది అత్తగారు అప్పయమ్మ, మజ్జిగ పోస్తూ.

"చూశారత్తయ్యా. తాగి బాగుపడ్డవాళ్ళెందరో చెప్పమనండి" అంది ప్రసూన. "తాగి పోయినవాళ్ళు వచ్చి వీడియో తియ్యరు కదా. మిగిలినవాళ్ళే మాట్లాడతారు, వాళ్ళలో సగం మందికి డబ్బిస్తారు. ఆధారం ఏది?"

"నీకు అన్నిటికీ ఆధారమేనే! పిల్ల కడుపు కోసేత్తామన్నోడిని మాత్రం ఏం అడగవు!" అంది అప్పయమ్మ. మజ్జిగ చెంబు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సీసా అప్పటికే ఇంట్లోకి వచ్చేసిందని ప్రసూనకి మర్నాడు తెలిసింది. నూకరాజే తెప్పించాడు. అరిచింది. ఆయన ఎదురు అరవలేదు, నెమ్మదిగా అన్నాడు: "నీ పళ్ళెంలో ఏసి సూడు. అది కాదంటే నేను మళ్ళీ నోరెత్తను. పిల్లని నేనే ఎత్తుకుని ఇసాపట్నం తీసుకెళ్తాను. నీ పళ్ళెం మాటే నా మాట."

ఇదేదో మంచి బేరమే అనుకుంది ప్రసూన. పళ్ళెం ఒక్క పూటలో మసకబారుతుంది, ఈయన భయం తీరుతుంది, శుక్రవారం గొడవ లేకుండా బయల్దేరొచ్చు. హంసి నీడలు నాలుగు తయారుగా ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత ఏ మందు పడుతుందో చూడ్డానికి పేరిందేవిగారు పెంచినవవి. పెద్దావిడ ఏదో సభకని హైదరాబాద్ వెళ్ళారు, గురువారం గానీ రారు. ప్రసూన తన జన్మలో మొదటిసారి ఆ తలుపు మీది మొదటి నియమాన్ని దాటింది. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి రెండు పళ్ళేలు తీసి, ఒకదానికి కషాయం, ఇంకోదానికి మంచినీళ్ళు పెట్టింది. సీసా మీద రోజుకి రెండు పూటలని రాసుంది కాబట్టి గంటకి రెండు చుక్కలు పడేలా యంత్రాన్ని తిప్పింది. మర్నాడు పొద్దున్నకి ఇరవై నాలుగు రోజులు గడిచినట్టు లెక్క.

మంగళవారం నూకరాజుని కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది, కళ్ళారా చూసుకుంటాడని.

మూత తీసింది. నీళ్ళ పళ్ళెం ఎప్పటిలాగే నీరసంగా, పాచిరంగులో మినుకుమంటోంది. పక్కది భగ్గుమని వెలుగుతోంది. అంత పచ్చటి వెలుగు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నీడల్లో కూడా ఆవిడ ఎన్నడూ చూడలేదు. వెలుగు కొలిచే మీటరు పెట్టింది. తుడిచి మళ్ళీ పెట్టింది. ఇంకో మీటరు తెచ్చి పెట్టింది. మూడుసార్లూ అదే అంకె.

"ఏంటే? ఏంటది? మంచిదా?" అన్నాడు నూకరాజు. చేతిలో ఫోన్ ఎత్తి పట్టుకుని ఉన్నాడు, వీడియో తీస్తున్నాడని ఆవిడకి తట్టనేలేదు.

అప్పుడు నోరు మూసుకుని ఉండాల్సింది. రెండో పరీక్షకి నమూనా తీసి పెట్టింది కూడా. గురువారం దాకా ఆగితే చాలు. కానీ ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళుగా పిల్ల కళ్ళల్లో పసుపు ఎంతుందో పొద్దున్నే లేచి చూసుకోవడం, ఒంటి దురదలకి గోకి గోకి నెత్తురొస్తే కొబ్బరినూనె రాస్తూ కథలు చెప్పడం, ఇదంతా ఒక్కసారిగా గుండెల మీదనుంచి దిగిపోయినట్టయింది. తోటివాళ్ళు ఎవరైనా ఇదే చూపించి ఉంటే వందసార్లు ప్రశ్నించి ఉండేది. ఊళ్ళోవాళ్ళ కథల్ని నమ్మని మనిషి, తన మీటరు అంకెని నమ్మేసింది. అది నిజమైతే బాగుండునని ఒళ్ళంతా కోరుకుంటోంది కాబట్టి నమ్మేసింది.

తలూపింది. కళ్ళనీళ్ళు కారుతుండగా, "ఇరవై నాలుగు రోజులకి ఇంత వెలుగు... ఇలా ఎప్పుడూ చూళ్ళేదండీ" అంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి గ్లాసు తనే కలిపింది. హంసి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఛీ, చేదు! అమ్మా, దీనికి ఆధారం ఉందా?"

అప్పయమ్మ కిసుక్కున నవ్వింది. నూకరాజూ నవ్వాడు. ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో.

"ఉందమ్మా" అంది ప్రసూన. "గుటుక్కున మింగెయ్."

*

బుధవారం పళ్ళెం ఇంకా ఎక్కువ వెలిగింది. హంసి రెండుసార్లు వాంతి చేసుకుంది. తగ్గే ముందు విషమంతా బయటికి పోతుందని వీడియోలో చెప్పాడుగా అన్నాడు నూకరాజు. ఆసుపత్రికి ఫోన్ చేసి రావట్లేదని చెప్పేద్దామన్నాడు. గురువారం దాకా ఆగమంది ప్రసూన. ఆ మాత్రం బుద్ధి మిగిలింది.

సాయంత్రం అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. తెల్లకోటులో తనే. పచ్చగా వెలిగే పళ్ళెం, తలూపడం, కన్నీళ్ళు. నూకరాజు సంతోషం పట్టలేక తమ్ముడికి పంపాడట. తమ్ముడు ఎవరికి పంపాడో, వాళ్ళు ఎవరికి పంపారో! కింద తాసిల్దారుగారు రాశాడు: "ఆధారం ఆంటీయే ఒప్పుకున్నాక ఇంకేం కావాలండీ? నాకూ రెండు సీసాలు చెప్పండి." ప్రసూన ఏదో రాయబోయింది, చెరిపేసింది, మళ్ళీ రాసింది, మళ్ళీ చెరిపేసింది. రేపు రాద్దాంలే అనుకుని ఫోన్ బోర్లా పెట్టేసింది.

గురువారం తొమ్మిదింటికి వెళ్ళేసరికి పేరిందేవిగారు అప్పటికే పళ్ళేల ముందు నిలబడి ఉన్నారు. ఊరినుంచి దిగి తిన్నగా వచ్చినట్టున్నారు, చేతిసంచీ కాళ్ళ దగ్గరే ఉంది.

"ఎవరిది ఈ పని?" అన్నారు, వెనక్కి తిరక్కుండానే.

"నాదేనండీ."

"చూడు."

నీళ్ళ పళ్ళెం అలాగే మినుకుమంటోంది. రెండోది నల్లగా ఉంది. మసకగా కూడా కాదు, మాడిన అప్పంలా నల్లగా. ప్రసూన మీటరు అందుకోబోతే పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపి, ఒక కాగితం అందించారు. మంగళవారం నమూనాకి రెండో పరీక్ష ఫలితం. అప్పుడే వచ్చింది.

"రక్తం గడ్డకట్టే సరుకు తయారుచేసేది కాలేయమే కదా. మొదటి రోజునుంచే అది ఆ పని మానేసింది" అన్నారు పేరిందేవిగారు. "ఉన్న సత్తువంతా ఆ కషాయాన్ని విరగ్గొట్టడానికే పెట్టింది. నువ్వు చూసిన వెలుగు అదే. డెబ్బై గంటలు పోరాడి చచ్చిపోయింది. ఏం పోశావు దీనికి?"

ప్రసూన చెప్పింది. చెబుతూనే స్టూలు మీద కూలబడింది.

"నీడకి పోశావు, సరే. పిల్లకి పొయ్యలేదు కదా?"

ప్రసూన కాగితంతో మొహం కప్పుకుంది. పేరిందేవిగారు కళ్ళజోడు తీసి, చాలాసేపు కొంగుతో తుడుస్తూ ఉండిపోయారు. తిడితే బాగుండేది. తిట్టలేదు.

"ఇంటికి ఫోన్ చెయ్యి. ఆపించు. శుక్రవారం ప్రయాణం ఆగకూడదు" అన్నారు. "ఇక్కడి సంగతి తర్వాత చూద్దాం."

ఫోన్ చేసేసరికి పొద్దుటి గ్లాసు అయిపోయింది. మొత్తం ఐదు.

నూకరాజు షాపునుంచి బండి మీద ప్రయోగశాలకి వచ్చాడు. వస్తూనే గొడవకి దిగాడు. "మొన్న ఎలిగినప్పుడు నువ్వేగా తలూపేవు? ఇయ్యాల ఆరిపోయిందని నువ్వే అంటన్నావు. ఏది నమ్మమంటావే నన్ను? రేపొచ్చి మళ్ళీ ఎలిగిందంటావేమో!"

మొన్న ప్రసూన అన్న మాటకి విలువుందని ఆయన నమ్మాడు, ఆ విలువ ఇవాళ్టికి ఖర్చయిపోయింది. నల్లటి పళ్ళేన్ని ఆయన చేతిలో పెట్టింది. మూడు రోజుల వెలుగు అంకెలున్న కాగితం పక్కన పెట్టింది. మొదటి రోజు ఎక్కువ, రెండో రోజు ఇంకా ఎక్కువ, మూడో రోజు సున్నా.

నూకరాజు పళ్ళేన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురికి పట్టి చూశాడు. కాలిపోయిన మోటారు తెచ్చి ఎవరైనా బల్ల మీద పెడితే చూసే చూపు అది. కాగితంలో అంకెల వంక చూశాడు, మళ్ళీ పళ్ళెం వంక చూశాడు.

"ఓల్టేజీ ఎక్కువొచ్చేసింది" అన్నాడు, తనలో తను. "ఓల్టేజీ ఎక్కువైతే బల్బు ముందు తెల్లగా మెరుత్తాది. సూసినోళ్ళు ఎంత బాగా ఎలుగుతుందో అనుకుంటారు. తర్వాత తీగ తెగిపోద్ది." ప్రసూన వైపు తిరిగాడు. "నాకు తెలిసిన పనేనే ఇది. రోజూ సూత్తానే నేను. ఎందుకు తట్టలేదే నాకు?"

"నాకూ తట్టలేదండీ."

ఆయన గోడకి ఆనుకుని అలాగే నేల మీదకి జారి, రెండు చేతుల్లో తల పెట్టుకుని ఏడ్చాడు.

ఇంటికెళ్ళి సీసా సింకులో పారబోసింది ప్రసూన. నూకరాజు వీడియో చెరిపేశాడు, తమ్ముడి చేతా చెరిపించాడు. ఏం లాభం? కాషాయం చొక్కా ఆయన అప్పటికే దానికి పాట తగిలించి, "కాకినాడ సైంటిస్టు కన్నీళ్ళతో ఒప్పుకున్న నిజం" అని పెట్టేసుకున్నాడు. గ్రూపులో ప్రసూన రాసింది: "ఆ వీడియోలో నేను చెప్పింది తప్పు. ఈరోజు ఆ పళ్ళెం చచ్చిపోయింది. దయచేసి ఎవరూ తాగకండి." నల్లటి పళ్ళెం ఫోటో కూడా పెట్టింది. చాలాసేపటికి రెండు జవాబులొచ్చాయి. ఒకటి, "మందుల కంపెనీలు బెదిరించాయా మేడమ్?" రెండోది తాసిల్దారుగారిది. "ఆధారం ఏదండీ?"

*

శుక్రవారం పదిన్నరకల్లా విశాఖ చేరారు. హంసి దారంతా నాన్న ఒళ్ళో పడుకుంది. "నీది నాకు పెడితే నాకూ మోటార్లు బాగుచెయ్యడం వచ్చేత్తాదా నాన్నా?" అని ఒకసారి అడిగింది. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. ఆసుపత్రిలో రాగానే రక్తం తీసుకున్నారు.

నడవాలో బెంచీ మీద కూర్చున్న ఒకావిడ ప్రసూనకేసి అదేపనిగా చూసి, దగ్గరికొచ్చింది. తుని దగ్గర ఏదో ఊరట. చంకలో మూడేళ్ళ పిల్లాడు, వాడి కళ్ళూ పసుపే.

"మీరు ఆ ఈడియోలో మేడంగారు కదండీ! మిమ్మల్ని సూసే మావోడికి నిన్న మొదలెట్టేవండీ. ఇక్కడ వద్దు, ఇంటికి తీసుకుపోదావని మా ఆయన అంటన్నాడు. ఎన్నాళ్ళు పొయ్యాలండీ?"

"పొయ్యొద్దమ్మా. ఒక్క చుక్క కూడా పొయ్యొద్దు. నేను తప్పు చెప్పాను" అంది ప్రసూన. ఆ పిల్లాడి మోచెయ్యి పట్టుకుని మళ్ళీ అదే అంది. ఆవిడ అయోమయంగా చూసింది. వీడియోలో ఏడ్చిన మనిషిని నమ్మాలో, ఎదురుగా వణుకుతున్న మనిషిని నమ్మాలో ఆవిడకేం తెలుస్తుంది! వెళ్ళి బెంచీ మీద కూర్చుంది గానీ, చూపు మాత్రం ప్రసూన మీదనుంచి తియ్యలేదు.

మత్తు డాక్టర్ ఒక కాగితాల అట్టతో వచ్చాడు. కుర్రవాడే, నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నడవాలోనే నిలబడి గబగబా అడుగుతున్నాడు. బరువెంత, ఆఖరిసారి జ్వరం ఎప్పుడు, ఏ మందులు పడవు.

"పసర్లు, కషాయాలు, నాటుమందులు ఏమైనా పట్టారా?"

నూకరాజు ప్రసూన వైపు చూశాడు. ఆ చూపు ఆవిడకి అర్థమైంది. చెబితే రేపటి ఆపరేషన్ ఆపేస్తారు. తేదీ పోతుంది. వెనకాల ఇరవై మంది పిల్లలున్నారు.

"లేదండి" అన్నాడు నూకరాజు, నేల చూపులు చూస్తూ.

డాక్టర్ పెన్ను కదిలింది. ఈ ప్రశ్నకి అందరూ ఇదే జవాబు చెబుతారని ప్రసూనకి తెలుసు. తనూ తల్లే. ఎన్నాళ్ళకో దొరికిన తేదీ. ఒక్క క్షణం నోరు మూసుకుంటే చాలు.

మంగళవారం నోరు మూసుకోవాల్సిన చోట తలూపింది. ఇప్పుడు నోరు విప్పాల్సిన చోట మూసుకుంటే ఇక తను దేనికి?

"పట్టామండీ" అంది. నడవా అంతా వినబడేలా అంది. "ఐదు గ్లాసులు. మొదటిది నేనే ఇచ్చాను. నేను ప్రయోగశాలలో పనిచేస్తాను. అది కాలేయాన్ని పాడుచేస్తుంది, రక్తం గడ్డకట్టనివ్వదు. మా పరీక్షలో తేలింది, ఇదిగోండి కాగితం."

బెంచీ మీద తుని ఆవిడ పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది.

డాక్టర్ కాగితం రెండుసార్లు చదివాడు. ఆయన మొహంలో కోపం లేదు, అలసట ఉంది. "ఆఖరి గ్లాసు ఎప్పుడు?"

"నిన్న పొద్దున్న."

"ఇవాళ రాగానే తీసిన రక్తం అంత చెడ్డగా లేదు. రోజు దాటింది కాబట్టి ఇక్కణ్ణుంచి మెరుగవ్వాలి." కొంచెం ఆలోచించాడు. "కానిద్దాం. పొద్దున్న ఆరింటికే తీసుకెళతాం."

నూకరాజు గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. డాక్టర్ సంతకం పెట్టబోతున్నాడు.

"బాబూ."

అప్పయమ్మ. గోడవారగా, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి లేచి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఏమందో ఎవరికీ వినపడలేదు. డాక్టర్ దగ్గరికి వచ్చి మళ్ళీ అడిగాడు.

"ఐదు కాదు బాబూ. ఏడు. మా కోడలు సీసా పారబోసింది గానీ, నేను ముందే సగం మరచెంబులో పోసి దాచేసేను. నిన్న సాయంత్రం ఒకటి పట్టేను. ఇయ్యాల బయల్దేరే ముందు, ఈళ్ళు కారులో సామాను సద్దుతుంటే... ఇంకోటి పట్టేను. ఎక్కువే పట్టేను బాబూ. కోతకెళ్తంది కదా, బలంగా ఉంటదని."

డాక్టర్ పెన్ను జేబులో పెట్టుకుని, లోపలికి గట్టిగా కేకేశాడు. నర్సు పరుగెత్తుకొచ్చి హంసి జబ్బనుంచి మళ్ళీ రక్తం తీసింది. సూది గుచ్చిన చోట దూది నొక్కిపెట్టి, అరగంటైనా నొక్కుతూనే ఉంది. దూది ఎర్రబడుతోంది, మార్చింది, మళ్ళీ ఎర్రబడుతోంది. నూకరాజు చూడలేక గోడ వైపు తిరిగిపోయాడు.

మధ్యాహ్నం మూడింటికి పెద్ద డాక్టరే వచ్చాడు.

"రేపు చెయ్యలేం" అన్నాడు. "రక్తం గడ్డకట్టే గుణం పొద్దున్న తీసినప్పటికీ ఇప్పటికీ సగానికి పడిపోయింది. ఇంకా పడుతుంది. పొద్దుటి రక్తాన్ని నమ్ముకుని రేపు కోసి ఉంటే, నెత్తురు ఆపడం మా చేతుల్లో ఉండేది కాదు. బల్ల మీదే పోయేది. రక్తం ఎక్కిస్తాం, మందులు పెడతాం. తేదీ నేను సర్దుతాను, సోమవారం చేద్దాం."

"అప్పటిదాకా?" అంది ప్రసూన.

"అప్పటిదాకా పిల్ల తట్టుకోవాలి."

ఆయన వెళ్ళాక ప్రసూన నడవా చివరికి నడిచింది. అప్పయమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది, ఎవరికీ అడ్డం రాకుండా ఒక మూలకి ఒదిగి. ఆ భుజాలు పట్టుకుని కుదిపెయ్యాలనే వచ్చింది ప్రసూన. చెప్పాను కదా అత్తయ్యా, చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా అని అరవాలని వచ్చింది. ముసలావిడ తలెత్తింది. తిట్టవేం, కొట్టవేం అన్నట్టు చూసింది.

"ఎందుకు చెప్పారత్తయ్యా?" అంది ప్రసూన. అడగాలనుకున్నది అది కాదు.

"నేను చెప్పకపోదునే. చచ్చినా చెప్పకపోదును" అంది అప్పయమ్మ. "నువ్వు అందరి మధ్యా నిలబడి, మొదటిది నేనే ఇచ్చేనన్నావు సూడు. అంత సదువుకున్నదానివి నువ్వే దాచుకోలేదు, నాకేంటే దాచుకోడానికి?" ముక్కు చీదింది. "సంపేసేనా అమ్మాయ్ దాన్ని?"

ప్రసూన పక్కన కూర్చుంది. సోమవారానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజుల్లో ఏం జరుగుతుందో ముందే చూపించే పళ్ళెం ఎక్కడా లేదు. ఉన్నా చూసేది కాదేమో.

"తెలీదత్తయ్యా. నాకేం తెలీదు" అంది.

లోపల్నుంచి హంసి పిలుస్తోంది. అమ్మని కాదు. అప్పయమ్మ వినపడనట్టే కూర్చుంది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటికేసే చూసుకుంటూ. ఆ చేతులతో మళ్ళీ పిల్లని ముట్టుకోవడానికి భయపడుతోందని ప్రసూనకి తెలుస్తూనే ఉంది. తన చేతులకీ ఆ భయమే.

లేచి నిలబడి, అత్తగారి రెక్క పట్టుకుంది.

"లేవండి. అది నానమ్మ కావాలంటోంది."